కార్డ్‌లెస్ గ్రైండర్, డ్రిల్ ఇంట్లో వాడేముందు ఏం తెలుసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

కొత్తింటి_ఓనర్ (మేడ్చల్)

అందరికీ నమస్తే. సొంత ఇల్లు కట్టుకుని ఈమధ్యే చేరాం. ప్రతి చిన్న పనికీ మనిషి కోసం తిరగలేక ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాను. బ్యాటరీ డ్రిల్, 4 అంగుళాల గ్రైండర్, రెండు బ్యాటరీలు, ఒక ఛార్జర్. అట్టపెట్టె మీద 48 వోల్టులు అని పెద్దగా ఉంది. బ్యాటరీ కింద మాత్రం సన్నగా 21 అని ఉంది. దాంతోపాటు పళ్ళున్న వుడ్ బ్లేడ్ ఒకటి ఫ్రీగా వచ్చింది.

బాత్రూం తలుపు కింద నేలకి రాసుకుంటోంది. ఆ బ్లేడ్ గ్రైండర్‌కి పెట్టి అర అంగుళం కోసేద్దామని మా నాన్నగారు తొందరపడుతున్నారు. వైరే లేదు, షాక్ కొట్టదు, ఇంకేం భయం అంటారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. మాన్యువల్ చూస్తే రెండు పేజీలే. దయచేసి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఫ్యాబ్రికేషన్_బాలానగర్

తమ్ముడూ, ముందు ఆ తలుపు పని ఆపించు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

వైరున్న మెషీన్‌కి ప్లగ్ పీకితే అది చచ్చినట్టే. కార్డ్‌లెస్‌కి పీకడానికి ప్లగ్ లేదు. కాబట్టి బ్యాటరీ లోపల ఉన్నంతసేపూ మెషీన్ ఆన్‌లో ఉన్నట్టే అనుకోవాలి. మా షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదట నేర్పేది ఇదే. డిస్క్ మార్చాలన్నా, గార్డ్ (డిస్క్ చుట్టూ ఉండే ఇనుప కవచం) తిప్పాలన్నా, బిట్ బిగించాలన్నా ముందు బ్యాటరీ ఊడదీయాలి. టీకి వెళ్ళేటప్పుడూ అంతే. సంచిలో వేసి బండి మీద తీసుకెళ్ళేటప్పుడు అయితే తప్పనిసరి. సంచిలో ఇంకో సామాను తగిలి స్విచ్ నొక్కుకుంటే డ్రిల్ అందులోనే తిరుగుతుంది. ఇంట్లో పిల్లలుంటే బ్యాటరీ ఒక చోట, మెషీన్ ఒక చోట పెట్టు.

తర్వాత స్విచ్ సంగతి. కొన్ని గ్రైండర్లకి ముందుకి తోస్తే లాక్ అయిపోయే స్విచ్ ఉంటుంది. కొన్నింటికి చేత్తో నొక్కి పట్టుకున్నంతసేపే తిరిగే పొడుగు స్విచ్ ఉంటుంది. ఇంటి వాడకానికి రెండో రకమే మేలు, మెషీన్ చేయి జారితే దానంతట అదే ఆగిపోతుంది. మొదటి రకంలో ఇంకో ప్రమాదం ఉంది. స్విచ్ ఆన్‌లో ఉందని చూసుకోకుండా బ్యాటరీ తోస్తే చేతిలోనే లేచి తిరుగుతుంది. మంచి మెషీన్లలో దీనికి అడ్డు ఉంటుంది, స్విచ్ ఒకసారి ఆఫ్ చేసి మళ్ళీ వేస్తేనే తిరుగుతాయి. నీ దానికి ఆ ఏర్పాటు ఉందో లేదో తెలుసుకోవాలంటే డిస్క్ తీసేసి, నట్టు కూడా తీసేసి అప్పుడు పరీక్షించు.

48 అన్న అంకె పట్టించుకోకు. లిథియం సెల్ ఒక్కోటి సుమారు 3.6 వోల్టులు. ఐదు వరసగా కలిపితే 18. ఫుల్ ఛార్జింగ్‌లో ఒక్కోటి 4.2కి చేరుతుంది కాబట్టి 21. మార్కెట్లో 18 అన్నా, 20 అన్నా, 21 అన్నా లోపల అవే ఐదు వరసలు. 48, 88 అన్నవి అమ్ముకోవడానికి వేసినవి.

వడ్రంగి_ఖమ్మం

బాలానగర్ అన్న చెప్పిన బ్యాటరీ మాట నిజం. వుడ్ బ్లేడ్ గురించి మాత్రం నేనొకటి చెప్పాలి. సైట్ల మీద మాలాంటి వాళ్ళం చాలామందిమి మార్బుల్ కటర్‌కి వుడ్ బ్లేడ్ పెట్టే ప్లైవుడ్ కోస్తాం. మార్బుల్ కటర్‌కి కింద చదునుగా ప్లేటు ఉంటుంది, చెక్క మీద ఆనించి తోస్తాం, లోతు ఎంత దిగాలో సెట్ చేసుకుంటాం. గ్రైండర్‌కి ఆ ప్లేటు లేదు. గాల్లో చేత్తో పట్టుకుని కోయాలి. బ్లేడ్ అణుమాత్రం పక్కకి వంగినా పళ్ళు చెక్కలో ఇరుక్కుని మెషీన్ ఎగిరి మన మీదికొస్తుంది. గ్రైండర్‌కి పళ్ళ బ్లేడ్ నేను పెట్టను, నా దగ్గర పనిచేసే వాళ్ళని పెట్టనివ్వను.

ఓనర్ గారూ, మీ తలుపు పని చాలా సులువు. కబ్జాలు (తలుపు బందులు) విప్పి తలుపు కిందికి దించండి. నిలబెట్టి ఉంచి ఏ మెషీన్‌తోనూ కోయకండి. రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి, కోసే గీత వెంట కాగితం టేపు అంటించి, దాని మీద మళ్ళీ గీత గీయండి. టేపు ఉంటే పైపొర పెచ్చులు లేవదు. రెండు మూడు మిల్లీమీటర్లే తీయాలంటే దూగాడ (చిత్రిక పట్టే పనిముట్టు) చాలు. అర అంగుళం అంటే రంపం కావాలి. చేతి రంపంతో పావుగంట పని. లేదంటే చిన్న సర్క్యులర్ సా ఒకరోజు అద్దెకి తెచ్చుకోండి, ఓ సన్నటి చెక్కపట్టీని క్లాంపులతో బిగించి దాని వెంబడే తోయండి. తలుపు పీవీసీదా, ఫ్లష్ డోరా ముందు చూసుకోండి. ఫ్లష్ డోర్ లోపలి ఫ్రేము కిందివైపు ఎంత మందం ఉందో తెలియకుండా ఎక్కువ కోస్తే అడుగు ఊడిపోతుంది.

సేఫ్టీ_విశాఖ

ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో పని చేస్తాను. గ్రైండర్ గురించి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఇళ్ళలో ఎక్కువ దెబ్బలు తగిలేది దీంతోనే కాబట్టి ఓపిగ్గా చదవండి.

4 అంగుళాల డిస్క్ అంటే 100 మిల్లీమీటర్లు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకి దాదాపు 57 మీటర్ల వేగంతో పోతుంది. గంటకి 200 కిలోమీటర్ల పైమాటే. వైరు ఉన్నా లేకపోయినా ఈ లెక్క మారదు. బ్యాటరీ మెషీన్ తేలిగ్గా ఉంటుంది, చప్పుడు కాస్త తక్కువ, అందుకని మనకి భయం తగ్గుతుంది. అక్కడే జాగ్రత్త కావాలి.

డిస్క్ కొనేటప్పుడు దాని మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) చూడండి. రెసిన్‌తో చేసిన మంచి కటింగ్ డిస్కులు సెకనుకి 80 మీటర్ల వేగానికి తయారవుతాయి. 100 మిల్లీమీటర్ల దానికి అది సుమారు 15,300 ఆర్‌పీఎం. డిస్క్ మీద ఉన్న అంకె మెషీన్ మీద ఉన్న అంకె కన్నా ఎక్కువ ఉండాలి, తక్కువ ఉంటే వాడకూడదు. మధ్య రంధ్రం దగ్గర ఉండే ఇనుప రింగు మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అది తయారీ తేదీ కాదు, ఆ తర్వాత వాడొద్దని చెప్పే తేదీ. తయారైన నాటి నుంచి మూడేళ్ళు ఇస్తారు. తేమకి, కాలానికి రెసిన్ బలం తగ్గుతుంది. వాననీళ్ళు పడే షెడ్డులో ఏళ్ళ తరబడి ఉన్న డిస్క్ చూడటానికి కొత్తగానే ఉంటుంది, మెషీన్ ఎక్కాక ముక్కలవుతుంది. కింద పడిన డిస్క్ కూడా పగులు కనబడకపోయినా పారేయండి.

రంధ్రం సైజు కూడా. మన దగ్గర 4 అంగుళాల గ్రైండర్లకి సాధారణంగా 16 మిల్లీమీటర్ల రంధ్రం. వదులుగా ఉన్న డిస్క్‌ని వాషర్ పెట్టి సర్దేయడం, 5 అంగుళాల డిస్క్ పట్టడం లేదని గార్డ్ పీకేయడం, ఈ రెండూ చాలా చోట్ల చూశాను. రెండూ ప్రాణాంతకం.

సన్నటి కటింగ్ డిస్క్ అంచుతో కోయడానికే. దాని పక్క భాగంతో రాపిడి చేయకండి, ఆ పని మందపాటి గ్రైండింగ్ వీల్‌ది. కొత్త డిస్క్ బిగించాక దాని వరసలో నిలబడకుండా పక్కకి జరిగి అర నిమిషం ఖాళీగా తిప్పండి. స్విచ్ వదిలాక కూడా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాకే కింద పెట్టండి.

వడ్రంగి_ఖమ్మం

> గార్డ్ పీకేయడం... ప్రాణాంతకం

సార్, మీరు చెప్పేది ఒప్పుకుంటాను. కానీ సైట్ మీద పరిస్థితి కూడా చూడండి. మూలల్లో కోయడానికి గార్డ్ అడ్డం వస్తుంది, కాంట్రాక్టరేమో సాయంత్రానికి పని అయిపోవాలంటాడు. గార్డ్ ఉంచితే పని ఆలస్యం, ఆలస్యమైతే రేపటి కూలి పోతుంది. ఒక్క పనివాడినే తప్పు పట్టడం సరికాదు.

ఫ్యాబ్రికేషన్_బాలానగర్

ఖమ్మం తమ్ముడి బాధ నాకు తెలుసు, నేనూ కూలి దగ్గర నుంచే వచ్చాను. ఇక్కడ తప్పు ఎక్కువగా పని చేయించేవాడిదే. గార్డ్ అడ్డం వచ్చిందంటే ఆ మూలకి ఆ మెషీన్ పనికిరాదని అర్థం. మూలలకి బ్లేడ్ గుండ్రంగా తిరక్కుండా అటూఇటూ సన్నగా ఊగే మల్టీ టూల్ అని వస్తోంది, నిదానమే కానీ చేతులు మిగులుతాయి. చిన్న ఇనుప పట్టీ అయితే యాక్సా బ్లేడే చాలు. నా షాపులో గార్డ్ లేని మెషీన్ ఏదీ బయటికి పోదు. ఆలస్యమైతే కస్టమర్‌కి నేనే సమాధానం చెప్పుకుంటాను. పని ఇచ్చేవాళ్ళు ఆ మాట అనగలగాలి.

ఇంటి ఓనర్లకి కూడా చెబుతున్నాను. మీ ఇంట్లో పనిచేసే మనిషి గార్డ్ లేకుండా, కళ్ళద్దాలు లేకుండా కోస్తుంటే ఆపి అడగండి. ఓ అరగంట ఆలస్యమైనా పర్వాలేదని మీరే అంటే అతను తప్పకుండా వింటాడు.

ఎలక్ట్రీషియన్_బెజవాడ

> వైరే లేదు, షాక్ కొట్టదు

ఈ మాట మీద ఆగండి సార్. మెషీన్‌కి వైరు లేదు, గోడలో ఉంది కదా. డ్రిల్ బిట్ వెళ్ళి 230 వోల్టుల వైరుకి తగిలితే బిట్, చక్ (బిట్‌ని పట్టి ఉంచే భాగం) అన్నీ కరెంటే. బాడీ ప్లాస్టిక్ కాబట్టి చాలాసార్లు బతికిపోతారు. ఎడమ చేత్తో చక్ పట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళకి ఆ అవకాశం కూడా లేదు.

గోడలో వైర్ల పైపులు ఎటు పోతాయో చూసి ఊహించుకోవచ్చు. స్విచ్‌బోర్డు నుంచి పైకి నిట్టనిలువుగా, లేదా కిందికి. ఏసీ పాయింటు, గీజర్ పాయింటు పైనా కిందా కూడా అంతే. బోర్డుకి సరిగ్గా పైన దేవుడి పటం తగిలిద్దామని బెజ్జం వేసి పైపు పగలగొట్టుకున్న ఇళ్ళకి నెలకి ఒకటి రెండైనా వెళ్తుంటాను. బాత్రూంలో కుళాయికి, షవర్‌కి మధ్య అసలు వేయకండి, అక్కడ నీళ్ళ పైపు ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు ప్లాస్టరింగ్‌కి ముందు గోడలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

బ్యాటరీ డ్రిల్ వల్ల ఒక గొప్ప లాభం ఉంది, ఎవరూ వాడుకోరు. వైరు డ్రిల్‌కి కరెంటు కావాలి కాబట్టి మెయిన్ ఆపలేం. బ్యాటరీ డ్రిల్‌కి ఆ ఇబ్బంది లేదు. ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గదికి ఉండే స్విచ్), కుదిరితే మెయినే దించేసి, వేయాల్సిన నాలుగు బెజ్జాలు వేసుకుని మళ్ళీ ఎక్కించండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో దాన్నీ ఆపడం మరవకండి, లేకపోతే లైట్ల వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. ఇన్వర్టర్ సంగతి చాలామందికి గుర్తుండదు.

ఇంకొకటి. పిల్లర్, బీమ్, స్లాబు అంటే కాంక్రీటు. చిన్న బ్యాటరీ డ్రిల్ హ్యామర్ మోడ్‌లో పెట్టినా అక్కడ దిగదు. దిగలేదని ఒంటి బరువంతా వేసి నొక్కితే బిట్ విరుగుతుంది, స్టూలు మీద ఉంటే మీరూ పడతారు. దానికి రోటరీ హ్యామర్ కావాలి. ఇటుక గోడకైతే హాయిగా దిగుతుంది. 6 మిల్లీమీటర్ల గిట్టీకి (స్క్రూ పట్టడానికి బెజ్జంలో దించే ప్లగ్) 6 మిల్లీమీటర్ల బిట్టే, ఎంత లోతో బిట్‌కి టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి.

మిద్దెతోట (రాజమండ్రి)

నమస్కారం అండీ. నేను మేడ మీద మొక్కల స్టాండ్లు, పందిళ్ళు స్వయంగా చేసుకుంటాను, బ్యాటరీ డ్రిల్ బాగా వాడతాను. ఆడవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. చున్నీ తీసేయాలి, కొంగు అయితే బొడ్లో బిగించాలి, జడ ముడి వేసుకోవాలి. మెడలో గొలుసు జాకెట్ లోపలికి పోవాలి. డ్రిల్ చిన్నదే కానీ చున్నీ అంచు అందితే క్షణంలో చుట్టేసుకుంటుంది.

నా సందేహం గ్లౌజుల గురించి. వేసుకోవాలని కొందరు, వద్దని కొందరు అంటున్నారు. ఏది సరైంది?

సేఫ్టీ_విశాఖ

అమ్మా, మంచి ప్రశ్న. రెండు మాటలూ నిజమే, పనిని బట్టి మారుతుంది. డ్రిల్‌కి వదులైన నూలు గ్లౌజులు వద్దు. దారపు పోగు బిట్‌కి చుట్టుకుంటే వేలితో సహా లాగేస్తుంది. గ్రైండర్‌కి చేతికి బిగుతుగా ఉండే తోలు గ్లౌజులు మంచివి, నిప్పురవ్వలు, వాడి అంచులు ఉంటాయి కాబట్టి. మగవాళ్ళకీ ఇదే. లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి కట్టిన దారాలు, ఉంగరం అన్నీ పక్కన పెట్టాలి. లుంగీతో గ్రైండర్ పట్టుకోవద్దు, రవ్వ పడితే అంటుకుంటుంది.

టైల్స్, నాపరాయి, గ్రానైట్ కోసేటప్పుడు వచ్చే తెల్ల దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. ముక్కుకి తువ్వాలు కడితే ఆ సన్నటి దుమ్ము ఆగదు. ఎన్95 మాస్కు కావాలి, మెడిసిన్ షాపులోనే దొరుకుతుంది. ఇంటి లోపల పొడిగా కోయకండి, ఆరుబయట కోయండి.

కంటి_ఆప్టోమెట్రిస్ట్ (హైదరాబాద్)

కళ్ళ గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నాను. కంట్లో ఇనుప నలుసుతో మా దగ్గరికి వచ్చే వాళ్ళలో గ్రైండింగ్, వెల్డింగ్ పనివాళ్ళు చాలామంది. దయచేసి ఇది చదవండి.

మామూలు చూపు అద్దాలు, చలువ కళ్ళద్దాలు రక్షణ కావు. పక్కల నుంచి కూడా మూసి ఉండే సేఫ్టీ గాగుల్స్ కావాలి. ఐఎస్ 5983 అని ముద్ర ఉన్నవి చూసి తీసుకోండి. పైకప్పుకి బెజ్జం వేసేటప్పుడు మరీ ముఖ్యం, పొడి నేరుగా కంట్లోకే రాలుతుంది. పక్కన నిచ్చెన పట్టుకున్న మనిషికి కూడా ఒక జత ఇవ్వండి.

నలుసు పడితే నలపకండి. శుభ్రమైన నీళ్ళతో కడిగి చూడండి. పోకపోతే గుడ్డ కొసతోనో, అగ్గిపుల్లతోనో, పక్కవాడి చేతనో తీయించకండి. ఇనుప రజను నల్లగుడ్డు మీద నిలిస్తే ఒక రోజు లోపే చుట్టూ తుప్పు వలయం కడుతుంది, అప్పుడు తీయడం కష్టమవుతుంది. మంట తగ్గడానికి మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవడం కూడా ప్రమాదమే.

ఒక్కోసారి వేగంగా వచ్చిన ముక్క గుడ్డులోకి దూసుకుపోతుంది, పెద్దగా నొప్పి కూడా ఉండదు. చూపు మసకబారినా, కంట్లో రక్తం కనిపించినా, కనుపాప ఆకారం మారినా కడగకండి, నొక్కకండి. ఒక కాగితపు కప్పు కంటికి తగలకుండా అడ్డు పెట్టి వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్ళండి. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించుకోవాల్సి వస్తే, గ్రైండింగ్ పని చేశానని, కంట్లో ఇనుము పడిందని ముందే చెప్పాలి.

మామిడితోట_నూజివీడు

మా వైపు రైతులు ఈమధ్య బ్యాటరీ చైన్ సా చిన్నది కొంటున్నారు. 6 అంగుళాలు, 8 అంగుళాలు. కాయ కోత అయిపోయాక కొమ్మలు కత్తిరించడానికి చాలా బాగుంది, పెట్రోలు మోత లేదు, బరువు లేదు. కానీ ఒంటి చేత్తో పట్టుకునేలా ఉండటమే దాని చెడ్డగుణం. కుడి చేత్తో రంపం, ఎడమ చేత్తో కొమ్మ. కొమ్మ తెగిన ఊపుకి రంపం నేరుగా ఎడమ చేతి మీదికి వస్తుంది. కోసే కొమ్మని అదే మనిషి పట్టుకోకూడదు. రెండు చేతులూ రంపం మీదే ఉండాలి. చెట్టెక్కి, నిచ్చెన చివర నిలబడి వాడకూడదు.

బార్ (చైన్ తిరిగే పొడుగు పట్టీ) ముక్కు పైభాగం కొమ్మకి తగిలితే ఎదురు తంతుంది. చైన్ వదులైతే స్పానర్‌తో బిగించేముందు బ్యాటరీ తీయాలి, వేళ్ళు చైన్ మీదే ఉంటాయి కాబట్టి. తోటలో 11 కేవీ (11,000 వోల్టులు) లైన్లు పోతుంటే పొడుగు కర్రకి బిగించే రంపం ఆ దరిదాపుల్లోకి తీసుకెళ్ళకండి. అల్యూమినియం గొట్టం కరెంటుని ఆపదు.

అంబులెన్స్_టెక్నీషియన్ (కర్నూలు)

పై పోస్టుకి కొనసాగింపుగా. చేయి తెగి రక్తం ధారగా వస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చేయి గుండె కన్నా పైకి ఎత్తి 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ వేయొద్దు. అవన్నీ డాక్టరు మళ్ళీ కడిగి తీయాల్సిందే.

వేలు తెగి పడిపోతే దాన్ని వెతికి తెండి. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరుని ఐసు మీద పెట్టండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు, ఐసు నీళ్ళలో మునగకూడదు. అలా తెస్తే అతికించే అవకాశం ఉంటుంది.

సోలార్_రామగుండం

బ్యాటరీల గురించి నేను చెబుతాను. మేడల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే పని మాది, ఎండాకాలం కూడా కార్డ్‌లెస్ మెషీన్లే. ఇక్కడ ఏప్రిల్, మేలో బయటే 44, 45 డిగ్రీలు ఉంటుంది. మేడ మీద వదిలేసినా, కారు డిక్కీలో పెట్టినా బ్యాటరీ అంతకన్నా ఎక్కువ కాగుతుంది. బాగా వేడెక్కిన బ్యాటరీని అలాగే ఛార్జర్‌కి పెట్టొద్దు. నీడలో చల్లారనివ్వండి. మంచి ఛార్జర్లు వేడిగా ఉంటే అవే ఆగుతాయి. త్వరగా చల్లారాలని ఫ్రిజ్‌లో పెట్టడం, నీళ్ళు చల్లడం చేయొద్దు.

పరుపు మీద, సోఫా మీద ఛార్జింగ్ వద్దు. రాత్రంతా పెట్టి పడుకోవద్దు. గచ్చు మీద, చుట్టూ అట్టలు, థిన్నర్ డబ్బాలు, రంపపు పొట్టు లేని చోట పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో దాచండి. విడి బ్యాటరీని మేకులు, స్క్రూలు ఉన్న డబ్బాలో పడేయకండి, రెండు కొసలు కలిస్తే ఎర్రగా కాలుతుంది.

డాలస్_తెలుగు

అమెరికా నుంచి ఇంటికి మెషీన్లు తెచ్చేవాళ్ళకి చిన్న సూచన. మెషీన్, బ్యాటరీ ఇక్కడ కొన్నవి అక్కడ పనిచేస్తాయి. ఛార్జర్ మాత్రం కింద ఇన్‌పుట్ 120 వోల్టులు అని ఉంటే ఊళ్ళో 230కి పెట్టకండి, కాలిపోతుంది. ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. అదే కంపెనీ 230 వోల్టుల ఛార్జర్ అక్కడే కొనుక్కోవడం మంచిది.

విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే తేవాలి, చెక్-ఇన్ లగేజీలో కుదరదు. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి. వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వస్తుంది, 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు అంటే 90. ఆపైన 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. కొసలకి టేపు అంటించండి.

వడ్రంగి_ఖమ్మం

రామగుండం అన్నా, నా దగ్గర పాత బ్యాటరీ ఒకటి పక్కలు ఉబ్బింది. ఇంకా ఓ పావుగంట పనిచేస్తోంది. సెల్స్ మార్చి ఇస్తామని బజార్లో ఒకతను అంటున్నాడు, కొత్త దానిలో మూడో వంతు ధర. చేయించమంటారా?

సోలార్_రామగుండం

ఉబ్బింది అంటే దాన్ని ఇక ఛార్జింగ్ పెట్టొద్దు తమ్ముడూ, మెషీన్‌కీ తగిలించొద్దు. సెల్స్ మార్చడం అసాధ్యమేమీ కాదు, కానీ లోపల ప్రతి వరస వోల్టేజీ చూసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. కొత్త సెల్స్ అన్నీ ఒకే రకం, ఒకే వయసు ఉండాలి, స్పాట్ వెల్డింగ్ చేయాలి. ల్యాప్‌టాప్‌లోంచి తీసిన పాత సెల్స్ వేసి, సోల్డరింగ్‌తో అతికించి, బోర్డు పక్కన పెట్టేసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. డ్రిల్ ఒక్కసారిగా లాగే కరెంటు ఆ సెల్స్ తట్టుకోలేవు. మూడో వంతు ధర అంటే నేనైతే ఇవ్వను.

పాతదాన్ని ఇనుప సామాను వాళ్ళకి వేయొద్దు, సుత్తితో పగలగొడితే అంటుకుంటుంది. చెత్తబండిలోనూ వద్దు. కొసలకి టేపు వేసి, ఇంటి బయట ఇసుక పోసిన బకెట్‌లో పెట్టు. మీ మెషీన్ కంపెనీ సర్వీస్ సెంటర్ ఖమ్మంలో ఉంటే అక్కడ ఇవ్వు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే. వాళ్ళు ‘మేం తీసుకోం’ అంటే ఆ నిబంధన పేరు చెప్పి అడుగు. లేదంటే అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణ వాళ్ళకి ఇవ్వొచ్చు.

ఉబ్బిన బ్యాటరీ నుంచి ఎప్పుడైనా పొగ వస్తే చేత్తో పట్టుకోవద్దు. దూరంగా జరిగి మనుషుల్ని బయటికి పంపి 101కి ఫోన్ చేయి. ఆ పొగ పీల్చకూడదు.